వాసుకి వెన్నుపూసలు

గడచిన కార్తికమాసమున నాగుల చవితినాడు మేము బాలాపూరు పొంతనున్న యొక పుట్టకడకు బంధువులతో గూడి పోయితిమి. వినాయకుని లడ్డు వేలమువలన ఆ యూరి పేరు దేశమంతటను తెలిసినదే. 1994లో 450 రూపాయలతో మొదలైన యా వేలము నేడు లక్షలలో సాగుచున్నది. ఊరికి దాపుననే క్షిపణులను గుఱించి పరిశోధించు సంస్థ యొకటి కలదు. ఇండ్లస్థలములకై చదును చేసిన నేలలో, ఇంకను పగులగొట్టక మిగిలిన రెండు మూడు గుండ్ల నడుమ నీ పుట్ట యున్నది. పూర్వమునుండి ఆ దిక్కున కాపురమున్నవారు శ్రావణమున పంచమినాడు వచ్చి పాలు పోయుదురు. కోస్తానుండి వచ్చి స్థిరపడినవారు కార్తికమున చవితినాడు వత్తురు. పుట్ట మాత్ర మొక్కటే.

అచ్చట మా బంధువులలో పెద్దవారొకరు, బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు, చిమ్మిలి పంచిపెట్టుచు నిట్లనిరి: "చూచితిరా! కచ్ఛదేశమున వాసుకి యెముకలు దొరకినవి. శాస్త్రజ్ఞులే యొప్పుకొనిరి. క్షీరసాగరమథనము కట్టుకథ యనువారి నోళ్లు ఇక మూతపడినట్లే." అందఱును సంతోషించిరి. మేమును తల యూపితిమి. తొమ్మిదవ తరగతి చదువుచున్న వారి మనుమరాలు మాత్రము, "తాతా, ఆ పాము సముద్రములో నుండినదా, నేలమీద నుండినదా?" యని యడిగెను. తాతగారు మావైపు చూచిరి. మేము పుట్టవైపు చూచితిమి. ఆ ప్రశ్నకు మాలో నెవ్వరియొద్దను సమాధానము లేదు. ఏ సంగతినిగుఱించి మొదటి ప్రశ్నకైనను బదులు చెప్పలేమో, ఆ సంగతికి మేము నలుగురియెదుట తల యూపి సాక్ష్యమిచ్చితిమి. ఈ వ్యాస మా తలయూపునకు ప్రాయశ్చిత్తముగా వ్రాయుచున్నాము.

ఇంటికి వచ్చి చదువగా తెలిసినది యిది. గుజరాతులోని కచ్ఛమండలమున పనంధ్రో యనుచోట లిగ్నైటు బొగ్గు గని యున్నది. 2005లో అచ్చట కొన్ని పెద్ద వెన్నుపూసలు దొరకినవి. మొదట అవి మొసలివని తలచిరి. చాలకాలము తరువాత రూర్కీ ఐ.ఐ.టి.లోని దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయి గారలు వానిని శుభ్రపఱచి పరీక్షించి, అవి యొక మహాసర్పమువని నిశ్చయించి, 2024 ఏప్రిల్‌లో ప్రకటించిరి. దొరకిన పూసలు 27. పాముకు వెన్నుపూసలు వందలకొలదిగా నుండును. తలకాయ దొరకలేదు. శిలల వయస్సునుబట్టి ఆ పాము 4 కోట్ల 70 లక్షల సంవత్సరముల క్రిందటిది. పూసలలో వెడల్పైనది 11 సెంటీమీటర్లు. దానినుండి పాము పొడవును లెక్కించుటకు రెండు పద్ధతుల నవలంబించిరి. ఒక పద్ధతిచే సుమారు 11 మొదలు 12 మీటర్లు తేలినది. రెండవదానిచే 15 మీటర్లకు దగ్గఱగా వచ్చినది. వారు రెండంకెలను వ్రాసి, అసంపూర్ణమైన యస్థిపంజరమునుబట్టి కట్టిన లెక్క గావున జాగ్రత్తగా గ్రహింపుడని హెచ్చరించిరి. పత్రికలవారు 15 మీటర్ల మాటను పెద్దయక్షరములతో వేసిరి. తక్కువ యంకె యక్కడక్కడ నలిగిపోయినది.

ఇక బాలిక ప్రశ్న. ఆ పూసలు వెడల్పుగా, బలిష్ఠముగా నున్నవి. అట్టి పూసలుగల పాము దేహము లావైన స్తంభమువలె గుండ్రముగా నుండవలెను. అది కొండచిలువవలె మెల్లగా ప్రాకుచు, తీరమునకు దగ్గఱి చిత్తడినేలలలో పొంచియుండి యెరను పట్టినదని వారి యూహ. సముద్రములో నీదినదని వారు చెప్పలేదు. మఱి వాసుకి యను పేరెట్లు వచ్చినది? శివుని కంఠమునందలి సర్పరాజు పేరు, ఆ పాము పరిమాణమునకును, అది దొరకిన దేశమునకును తగియున్నదని వారే యిడుకొనిరి. మనము శిశువునకు భీముడని పేరు పెట్టినట్లే యిదియును. ఆ పేరు విని బాలుడు బకాసురుని చంపునని యెవ్వరును నమ్మరు గదా.

అయితే మాకు విస్మయము కలిగించిన సంగతి వేఱొకటి యున్నది. అదే పనంధ్రో గనినుండి నిజమైన సముద్రసర్పముల యెముకలు కూడ దొరకినవి. ఫ్రెంచి పండితుడు జాఁ క్లోద్ రాజ్, బాజ్‌పాయి మొదలగువారు 2003లోనే వానిని వర్ణించిరి. వానిలో రెండు క్రొత్త జాతులకు టెరోస్ఫీనస్ కచ్ఛెన్సిస్ అనియు, టెరోస్ఫీనస్ బిశ్వాసి యనియు నామకరణము చేసిరి. ఈ తెగ పాముల పూసలు గుండ్రనివి కావు. ఇరుప్రక్కల నొక్కి నిలువబెట్టిన పలకలవలె సన్నగా, ఎత్తుగా నుండును. అట్టి దేహము నేలమీద ప్రాకుటకు కష్టము. నీటిలో ప్రక్కలకు కొట్టుకొనుచు ముందుకు దూసికొనిపోవుటకు మిక్కిలి యనుకూలము. నేడు మన తీరమున వలలో పడు సముద్రపు పాముల తోక తెడ్డువలె నుండుట జాలరులందఱును ఎఱిగినదే. ఆ జాతి వేఱు, ఈ జాతి వేఱు. అయినను నీరు నేర్పిన పాఠ మొక్కటే. కచ్ఛము నేడు ఉప్పుటెడారి. ఈ పాములున్ననాడు అచ్చట వెచ్చని సముద్రపుటంచు. కాళ్లుగల తొలి తిమింగిలముల యెముకలును ఆ మండలముననే దొరకినవి.

కడలిలో నీదిన పాముల వార్త యిరువదియేండ్లనుండి పుస్తకములలో పడియున్నను ఏ పుట్టకడను ఎవ్వరును చెప్పుకొనలేదు. కడలిని చిలికిన సర్పము పేరు, కడలిలో నుండెనని యెవ్వరును చెప్పని పామునకు రాగానే దేశమంతయు మ్రోగినది. రజ్జువునందు సర్పమును చూచుట భ్రాంతియని మన వేదాంతులు చెప్పుదురు. ఇచట సర్పమునందే మఱియొక సర్పమును చూచితిమి.

ఇట్టిది మునుపొకసారి అమెరికాలో జరిగినది. కాని యచట మోసము కూడ నుండెను. 1845లో ఆల్బర్టు కోఖ్ అను జర్మను ప్రదర్శకుడు అలబామా రాష్ట్రమున ప్రాచీన తిమింగిలముల యెముకలను త్రవ్వి, ఒకదాని పూసల వెనుక మఱియొకదాని పూసలను కూర్చి, 114 అడుగుల పొడవున వంకరలు తిరిగిన యొక కళేబరమును నిలిపెను. అది సముద్రసర్పమని చెప్పి న్యూయార్కులో టిక్కెట్లు పెట్టి చూపెను. జనులు విరుగబడి వచ్చిరి. జెఫ్రీస్ వైమన్ అను శరీరశాస్త్రజ్ఞుడు దానిని చూచి, పండ్లకు రెండేసి వేళ్లున్నవి గావున నిది పాలిచ్చు జంతువేకాని పాము కాదనియు, ఎముకలు ఒక్క ప్రాణివి కావనియు బయటపెట్టెను. అయినను ప్రదర్శన ఆగలేదు. తుదకు ప్రష్యా రాజు దానిని కొనెను. విచిత్రమేమనగా, అదే అలబామా శిలలలో నిజమైన సముద్రసర్పము పూసలు దొరకగా 1898లో ఫ్రెడరిక్ లూకస్ అనునతడు దానికి టెరోస్ఫీనస్ అను పేరు పెట్టెను. మన కచ్ఛము పాములది ఆ కుదురే. దానిని చూచుటకు టిక్కెట్టు కొన్నవారు లేరు.

కోఖ్ ధనమునకై మోసగించెను. మా పెద్దవారు ఎవ్వరిని మోసగింపలేదు. ఈ భేదమును మఱువరాదు. తాము నమ్మినదానినే చెప్పిరి, చిమ్మిలి కూడ పెట్టిరి. కావున మా ప్రశ్న మోసగానినిగుఱించి కాదు. సాధువైన గృహస్థుడు తనకు ప్రియమైన సంగతిని విచారింపక నమ్మి, నమ్మినదానిని నిరూపింపబడినదిగా చెప్పుట దోషమగునా, కాదా? ఇదియే మేము తేల్చుకొనదలచినది.

1877లో క్లిఫర్డు అను నాంగ్లేయ గణితశాస్త్రజ్ఞుడు, చాలినంత సాక్ష్యము లేక దేనిని నమ్మినను, ఎవ్వరు నమ్మినను తప్పేయని తీర్పు చెప్పెను. మా కది మిక్కిలి కఠినముగా దోచుచున్నది. గృహస్థునకు పొలము, అప్పు, పిల్లల ఫీజు, పెద్దల మందు—ఇన్నింటి నడుమ ప్రతి వార్తకును సాక్ష్యము వెదకుట యెట్లు? మనము నమ్మువానిలో నూటికి తొంబది యొరులు చెప్పగా నమ్మినవే. భూమి సూర్యునిచుట్టు తిరుగునని మేమును స్వయముగా పరీక్షించి నమ్మలేదు. నమ్ముటయే దోషమనినచో కాపురములు సాగవు.

మఱి దోష మెక్కడ మొదలగును? మన న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాలుగుగా విభజించినది. పూసలు ప్రత్యక్షము. పూసలనుండి పొడవును లెక్కించుట అనుమానము. అందువలననే రెండంకెలు వచ్చినవి. కొండచిలువతో పోల్చుట ఉపమానము. పేరన్ననో, ఈ నాలుగింటిలో నేదియును కాదు. అది సంకేతమాత్రము. శబ్దప్రమాణము కావలెనన్న చెప్పినవాడు ఆప్తుడై, ఆ సంగతిని చెప్పియుండవలెను. దత్తా, బాజ్‌పాయి గారలు ఇది పురాణములోని వాసుకియని యెచ్చటను చెప్పలేదు. ఆ పాము బ్రదికినది 4 కోట్ల 70 లక్షల యేండ్ల క్రిందట. మన మానవజాతి వయస్సు 3 లక్షల యేండ్లు. దానిని కన్నులార చూచి కథగా చెప్పుటకు ఆనాడు మనుష్యుడు లేడు. వారు చెప్పనిదానిని మనము వారి నోట పెట్టి, "శాస్త్రజ్ఞులే యొప్పుకొనిరి" అన్నప్పుడు, నమ్మకము సాక్ష్యముగా మాఱినది. న్యాయస్థానమున బోనెక్కినవాడు తాను చూడనిదానిని చూచితినని చెప్పిన నేరమగును. పుట్టకడ బోను లేదు, నిజమే. కాని యచట తొమ్మిదవ తరగతి బాలిక యున్నది. ఆమెకు మా మాటయే తీర్పు. మా విచారములో దోషము నమ్ముటలో లేదు. పిల్ల యడిగినప్పుడు "నాకు తెలియదమ్మా, చదివి చెప్పెదను" అనలేక పోవుటలో నున్నది.

ఇది వ్రాసి మేము పెద్దవారికి చదివి వినిపించితిమి. వారు కోపింపలేదు. రెండు మాటలనిరి. మొదటిది: "పేరు పెట్టినవారు శాస్త్రజ్ఞులే గదా! భ్రాంతి వలదనుకొన్నవారు వాసుకి యనుట యెందులకు? గని పేరు పెట్టరాదా?" ఈ మాటకు మేము తల యొగ్గితిమి. గొప్ప పేరు పెట్టినచో పత్రికలలో పెద్దయక్షరములు దక్కునని పండితులకును తెలియును. అపార్థమునందు వారికి కొంత పాలు లేదనజాలము. రెండవ మాట: "పోనిండు, పామరులు సంతోషించి దేవునికి మ్రొక్కిరి. ఎవరికేమి నష్టము?"

నష్టము భక్తికే యని మా యభిప్రాయము. 1930 తరువాత శివాలిక్ కొండలలో దొరకిన యొక దవడయెముకకు లూయిస్ అను నమెరికను రామపితికస్ అని పేరిడెను. 1960 తరువాత కొందఱు గొప్ప పండితులు అది మానవుని పూర్వికునిదేయని చాటిరి, పాఠ్యపుస్తకములలో నెక్కినది. తరువాత నింకను మంచి యెముకలు దొరకగా, అది మానవవంశము కాదనియు, ఒరాంగుటాను దాయాదులలోనిదనియు తేలి, శివపితికస్ అను పేరిటిలో కలిసిపోయినది. రాముని పేరు పట్టికనుండి తొలగిపోయెను. దానివలన రామభక్తులకు కలిగిన లోటేమి? ఏమియు లేదు, ఏలయన, ఎవ్వరును తమ భక్తిని ఆ దవడకు కట్టుకొనలేదు. నేడు వాసుకికి కట్టుకొన్నచో, రేపు మఱి పది పూసలు దొరకి పాము చిన్నదైనను, పేరే మాఱినను, ఆనాడు ఏమి చేయుదుము? వినాయకుని బొజ్జకు చుట్టిన నాగబంధము ఇన్ని యేండ్లనుండి బొగ్గుగని సాక్ష్యము లేకయే నిలిచియున్నది.

పండితులు తమ మాటను తామే త్రోసివేసికొనుటను చూచి నవ్వువారు కలరు. మా బాలిక యడిగిన ప్రశ్ననే తీసికొందము. అసలు పాములు మొట్టమొదట సముద్రమున పుట్టినవా, నేలమీద పుట్టినవా? ఇది పండితులు తలలు పగులగొట్టుకొన్న ప్రశ్నయే. యెరూషలేమునకు ఉత్తరమున ఐన్ యబ్రూద్ రాతిగనులలో సముద్రపు సున్నపురాతియందు చిన్న వెనుకకాళ్లుగల పామువంటి ప్రాణిని 1979లో హాస్ అను పండితుడు వర్ణించి, ఏమని నిర్ణయింపవలెనో తోచక "సమస్యాత్మకము" అను నర్థమిచ్చు పేరే దానికి తగిలించెను. 1997లో కాల్డ్‌వెల్, లీ యనువారు అది ప్రాథమికమైన పామేయనియు, కావున పాములు సముద్రమునుండి వచ్చినవనియు వాదించిరి. 2000లో అచ్చటనే దొరకిన మఱియొక కాళ్లపామును చూపి వేఱొక వర్గము కాదనినది. 2006లో అర్జెంటీనాలో నేలమీద బ్రదికిన కాళ్లపాము బయటపడగా తూనిక నేలవైపు మొగ్గినది. వాదములు ముగియలేదు. తప్పును ఒప్పుకొనుట గృహములలో నెంత యరుదో యెఱిగిన మాకు, ఇందరు పండితులు అచ్చులో దానిని చేయుట నవ్వదగినదిగా కనబడుట లేదు.

నష్టము భక్తితో నాగిన బాగుండును. రెండేండ్ల క్రిందట ఆ పుట్ట దాపుననే గోడ కట్టుటకు వచ్చిన యొక కూలివానిని పాము కఱచెను. తోడివారు వానిని మంత్రగానియొద్దకు గొనిపోయి గంటన్నరసేపు గడపి, కాలు నల్లబడిన తరువాత ఆసుపత్రికి చేర్చిరి. ప్రాణము దక్కినది, కాలివ్రేళ్లు రెండు పోయినవి. వారు వానికి కీడు కోరినవారు కారు. మంత్రము పాఱునని తమకు గౌరవనీయులైన పెద్దలెవరో చెప్పగా నమ్మినవారు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటున మరణించినవారు సుమారు 12 లక్షలని 2020లో ప్రకటించిన యొక పరిశోధనలో లెక్కించిరి; ఎక్కువ మరణములుగల రాష్ట్రములలో మన తెలుగునేల యొకటి. విషమునకు విఱుగుడు సూదిమందు కలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర—ఈ నాలుగింటి విషమునకును అది యొక్కటే. వేళకు పడవలెను, అంతే.

పామునకు జనులు పెట్టిన పేరును గౌరవించుచునే, పామునుగుఱించి జనులు చెప్పు మాటను పరీక్షించుట యెట్లో మన విశాఖపట్టణముననే చూపినవా డొకడు కలడు. 18వ శతాబ్ది చివర అచట నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు మన తీరపు పాములను, కడలిపాములతోసహా, సేకరించి, 1796లో బొమ్మలతో గొప్ప గ్రంథము ప్రకటించెను. అందు పాములకు మనవారు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. రక్తపింజరను ఆతడు కాటుకరేకులపొడ యని వ్రాసినాడు. ఎంత చక్కని పేరు! దానిని మఱచి నేడు ప్రపంచమంతయు దానిని రస్సెలు పేరనే పిలుచుచున్నది. అయితే కాటునకు విఱుగుడని పేరుగాంచిన తంజావూరు మాత్రలను మాత్రము ఆతడు మాటమీద గ్రహింపక, ప్రయోగము చేసి చూచెను.

పెద్దవారు ఈ భాగము విని చాలసేపు ఊరకుండిరి. తరువాత, "కూలివాని సంగతి నాకు తెలియదు సుమా" యనిరి.

మనుమరాలు మాత్రము మఱియొక ప్రశ్న తెచ్చినది. బాలాపూరు గుండ్లలో కూడ పాము లెముకలుండునా యని. ఈ మాఱు మేము పుట్టవైపు చూడలేదు, చదివియే పోయితిమి. ఉండవు. అవి గ్రానైటు గుండ్లు. భూమి లోపల కరగిన ద్రవము చల్లారి గట్టిపడినవి. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అవి పుట్టిననాటికి లోకమున ఎముకగల ప్రాణియే లేదు. నగరమంతయు కూర్చున్న నేల యిదియే. కాని పడమటగా సుమారు 70 కిలోమీటర్లు పోయినచో వికారాబాదు మండలమున నల్లరాతినేల మొదలగును. 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట దక్కనుపై లావా పొరలు పొరలుగా ప్రవహించినది. ఒక పొరకును మఱియొక పొరకును నడుమ కొంత వ్యవధి దొరకినప్పుడెల్ల నీటిమడుగులు నిలిచి, బురద పేరి, తరువాతి లావాక్రింద కప్పబడినది. అట్టి బురదపొర పరిగికి సమీపమున నస్కల్ అను పల్లెలో నున్నది. గుంటుపల్లి ప్రసాదుగారును, అశోక్ సాహ్నిగారును 1988లో అచ్చటి చిన్న పండ్లనుబట్టి డైనోసారుల కాలమునాటి పాలిచ్చు జంతువును లోకమునకు చూపిరి. కచ్ఛము పాములను వర్ణించిన యా ఫ్రెంచి రాజ్‌గారే ప్రసాదుగారితో గూడి 1992లో నస్కల్‌లో దొరకిన పామునకు ఇండోఫిస్ సాహ్నియై అను పేరు పెట్టిరి. అది నీటియందు బ్రదికినదని తలచు తెగలోనిది. దాని దాయాదులు ఆఫ్రికాలోని నైజరు దేశమున దొరకినవి. పెద్ద పూసలు కావు; బురదరాతిని నానబెట్టి, జల్లెడలలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శినిక్రింద ఏరిన చిన్న పూసలు.

"అయితే మనకు దగ్గఱిది అదే గదా" యని బాలిక యనినది. దగ్గఱిదే. వేసవి సెలవులలో నస్కల్ చూపెదమని మాట యిచ్చితిమి. ఎముక యేదియు కంటికి కనబడదనియు, నల్లరాళ్లును పొలముగట్లును మాత్రమే యుండుననియు ముందుగనే చెప్పితిమి. తానును వచ్చెదనని తాతగారనిరి. అక్కడ కూర్చుండుటకు చెట్టునీడ యున్నదేమో కనుగొనుమని మాకు పని యప్పగించిరి.